పంచదార నూకాలు

రాతిని చెక్కినవాడి పేరు వెయ్యేళ్ళుంటుందంటారు. ఉండనీండి, మనకేం పోయింది! నిడదవోలు కాలవగట్టు మీద కాపురమున్న సోమలింగం చెక్కిన పని మాత్రం పొద్దున పళ్ళెంలోకి వస్తే మధ్యాహ్నానికల్లా పిల్లల కడుపుల్లో ఉండేది. ఆయన పంచదార చిలకలకి అచ్చులు చెక్కే వడ్రంగి. గోదావరికి ఆనకట్ట కట్టి, కాలవల్లో పడవలు తిరగడం మొదలయ్యాక, ఆ చుట్టుపక్కల ఏ ఆడపిల్ల కాపురానికి వెళ్ళినా సారెలో ఆయన చిలకలూ, ఏనుగులూ, రథాలూ ఉండాల్సిందే.

అచ్చు చెక్కడమంటే అంతా తలకిందుల వ్యవహారం. బొమ్మకి ముక్కు రావాలంటే చెక్కలో గుంట తవ్వాలి. రెండు టేకు చెక్కల్లో చెరో సగం బొమ్మా తవ్వి, నీళ్ళలో నానబెట్టి, కలిపి తాడుతో బిగిస్తే, ఆయన భార్య చిన్నమ్మాయి పాకం పోసేది. పాకం గట్టిపడ్డాక తాడు విప్పితే తెల్లటి చిలక బయటికొచ్చేది. పాకం పదును ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన ఊరంతా చెప్పేవాడు, ఆవిడ ముందు మాత్రం ఒక్కనాడూ అనలేదు. మొగుళ్ళంతా అంతేగా!

సోమలింగానికి కథల పిచ్చి. ఫలానా ఊళ్ళో కథ చెబుతున్నారంటే చాలు, ఉలి అక్కడే పడేసి పరిగెత్తేవాడు. విన్నదంతా ఇంటికొచ్చి కూతురు మరిడమ్మకి చేతులూ కళ్ళూ తిప్పుతూ చెప్పేవాడు. ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్న కథ నూకాలుది. ఆనకట్ట లేని రోజుల్లో ఒక లంకని వరద ముంచెత్తింది. ఉన్నది ఒకటే పడవ. ముందు తన ధాన్యం బస్తాలు దాటించమని ఊరిపెద్ద హుకుం వేశాడు. పడవ నడిపే నూకాలు ఆ బస్తాలన్నిటినీ ఏట్లోకి తోసేసి, ముసలివాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించుకుంది. అందరినీ ఒడ్డుకి చేర్చాక, లంకలో ఒక అవ్వ ఉండిపోయిందని తెలిసి ఒక్కతే వెనక్కి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

మరిడమ్మని భీమవరం అవతల ఒక ఊరికి కాపురానికి పంపే రోజు దగ్గరపడింది. సారెలోకి చిలకలొద్దు, నూకాలు కథే అచ్చు కడతానన్నాడు సోమలింగం. చిన్నమ్మాయి నెత్తి కొట్టుకుంది.

"శుభమా అని పిల్లని పంపుతూ ఏడుపు కథ ఏంటండీ? హాయిగా చిలకలు పోద్దాం."

వింటేగా! బస్తాని కావలించుకున్న ఊరిపెద్దని చెక్కాడు. పిల్లల్ని వొళ్ళో పొదువుకున్న ముసలివాళ్ళని చెక్కాడు. అవి సులువుగానే వచ్చాయి. నూకాలే ఏడిపించింది. గెడ పట్టుకుని పడవలో నిలబడ్డ ఆ పిల్ల మెడ తిప్పి వెనక్కి చూడాలని ఆయన పంతం. అచ్చు విప్పేసరికి మెడ చెక్కకే అంటుకుపోయేది, మొండెం చేతికొచ్చేది. తల లేని నూకాళ్ళని నమలలేక ఇంటిల్లిపాదికీ దవడలు నొప్పి పుట్టాయి. చివరికి ఆ ఒక్క బొమ్మకీ మూడు చెక్కల అచ్చు కట్టాడు. అప్పుడు దిగింది నూకాలు, చెక్కుచెదరకుండా, వెనక్కి చూస్తూ. చిన్నమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, సారె పళ్ళెంలో తనే సర్దింది.

సారె పడవెక్కింది, పిల్లా ఎక్కింది. కొన్నాళ్ళకి ఆ దారిన వచ్చిన పడవవాడు అబ్బులు ఒక కబురు తెచ్చాడు. సారె ఇంటింటికీ పంచారట గానీ చాలా ఇళ్ళల్లో ఎవరూ నోట పెట్టలేదట. వియ్యపురాలు సంపూర్ణమ్మ నిప్పులు తొక్కుతోందట.

సోమలింగం చేతిలో ఉన్న ఉలి పక్కన పడేశాడు. ఊరు నోరు తీపి చేసుకోని సారె అంటే, వచ్చిన కోడలు ఆ ఊరికి గిట్టలేదన్నట్టే లెక్క. తన పంతం కాస్తా పిల్ల మెడకి చుట్టుకుంది. చిన్నమ్మాయి తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ పొయ్యి వెలిగించి, బుట్టెడు చిలకలు పోసి చేతిలో పెట్టింది. క్షమించమని ఎలా అడగాలో పడవలో దారి పొడుగునా గొణుక్కుంటూనే వెళ్ళాడు.

సాయంత్రానికి వియ్యాలవారి ఇల్లు చేరాడు. వాకిలి నిండా జనం. పంచాయితీ పెట్టారనుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తీరా చూస్తే మధ్యలో పీట మీద తన కూతురు! అత్తవారింట గట్టిగా దగ్గడానికి కూడా జంకే పిల్ల, చేతులూ కళ్ళూ తిప్పుతూ నూకాలు కథ చెబుతోంది.

ఏం జరిగిందో పక్కనున్న పెద్దాయన చెవిలో చెప్పాడు. సంపూర్ణమ్మ ఇంటింటికీ కొట్లాటకి వెళ్ళిందట. ఊరిపెద్ద బొమ్మ వచ్చినవాళ్ళు ఆయన్ని బస్తాతో సహా ఆ రోజే కరకరలాడించేశారట. నూకాలు వచ్చిన ఇళ్ళల్లో మాత్రం ఆమెని గూట్లో నిలబెట్టి, చీమలెక్కకుండా చుట్టూ పసుపు చల్లి కూర్చున్నారట. ఎవరమ్మా ఈ పిల్ల, ఎవరికోసం వెనక్కి చూస్తోంది, కొరకబోతే చెయ్యి రావడంలేదు అని అందరూ ఎదురు ఆవిడనే అడిగారట. తెలియదని చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. గబగబా ఇంటికొచ్చి కోడల్ని కూర్చోబెట్టి చెప్పమంది. వెనకాలే ఊరూ వచ్చింది.

సంపూర్ణమ్మ సోమలింగాన్ని చూసింది. ఆయన నోరు తెరవబోయేలోపే బుట్ట లాక్కుని, కథయ్యేదాకా మాట్లాడొద్దని సైగ చేసి, చిలకల్ని జనంలోకి పంచేసింది. చుట్టూ పటపటమని చిలకల ముక్కులు విరుగుతున్నాయి. మరిడమ్మ మాత్రం ఆగలేదు. బస్తాలు ఏట్లో పడ్డప్పుడు వాకిలంతా గొల్లున నవ్వింది. నూకాలు ఒంటరిగా వెనక్కి తిరిగినప్పుడు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

"మళ్ళీ రాలేదు" అంది మరిడమ్మ.

సంపూర్ణమ్మ పమిటచెంగుతో ముక్కు తుడుచుకుని కోడలి మీద కయ్యిమంది.

"రాకపోవడమేంటే? మా ఊళ్ళో ఇంటింటికీ వచ్చి గూట్లో నిలబడితే! నువ్వే కదే తీసుకొచ్చావు, నా తల్లీ" అని కోడల్ని దగ్గరికి లాక్కుని గుండెకి హత్తుకుంది.

సోమలింగానికి సంతోషం పట్టలేదు. ఏం చెయ్యాలో తెలియక, పక్కనున్న పెద్దాయన చేతిలోంచి సగం కొరికిన చిలకని లాక్కుని తన నోట్లో వేసేసుకున్నాడు.