టీమ్ ప్రకటించిన దినం నాయనతో

దేశానికి క్రికెట్ టీమ్ ప్రకటించినారంటే మా ఇంట్లో కూర మాడతాది. నేనుండేది ఎర్రగుంట్లలో. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. నా పుట్టినిల్లు బనగానపల్లె పక్కన పల్లె. టీమ్ పేర్లు ఫోన్లో వచ్చిన దినం నేను మా నాయనకు ఫోన్ చేస్తా, లేదంటే ఆయనే నాకు చేస్తాడు. బాగుండావా అని కూడా అడగం. "చూసినావా?" అంటాడు. "చూసినా, నా తలకాయ" అంటా. ఆన్నుంచి కొట్లాటే.

మా ఆయన నవ్వుతాడు. "ఆ సెలెక్టర్లకు నీ ఫోన్ నంబరు ఇచ్చేస్తే పోతాది" అంటాడు. ఇస్తే ఏం పాయ? నేనైతే ఒక్క మాటలో తేల్చేస్తా. ఆడేవాన్ని పెట్టు, ఆడనివాన్ని తీయ్. దీనికి అంతమంది కూర్చోని, కాఫీలు తాగి, అంతసేపు ఎందుకు? రంజీల్లో ఎండకు మాడి సెంచరీల మీద సెంచరీలు కొట్టే పిల్లోడు ఇంట్లో కూర్చోని టీవీ చూస్తాంటాడు. ఏడాదిగా బ్యాటు ఆడనాయన కోటేసుకోని విమానం ఎక్కుతాడు. నాకు ఒళ్ళు మండుతాది.

కొన్నాళ్ళుగా మా ఇద్దరి తగువంతా ఒక పెద్ద బ్యాటర్ మీదనే. నాయనకు ఆయనంటే ప్రాణం. "పేరు చూసి పెట్టుకుంటారా నాయనా? పేరు పరుగులు తీస్తాదా?" అని నేను ఎగురుతా. నాయన తొణకడు. "కాలు ముందుకు రావడం ల్యా, నిజమే. నాకూ కనపడతాండాది. అయినా కష్టకాలంలో నిలబడేది ఆయప్పే" అంటాడు. నాయన ఎవరినైనా కాళ్ళు చూసి అంచనా వేస్తాడు. అది ఎద్దుల కాడ వచ్చిన అలవాటు.

మాకు బండలాగే ఎద్దుల జత ఉండాది. సేద్యానికి కాదు, పోటీలకు. మావైపు తిరునాళ్ళు వస్తే పెద్ద రాతిబండను ఎద్దులతో లాగిస్తారు. ఇచ్చిన టైములో ఎవరి ఎద్దులు ఎక్కువ దూరం లాగితే వాళ్ళకు బహుమతి. ఎద్దులు ఎంత ముఖ్యమో, పక్కన పరిగెత్తి తోలేవాడూ అంతే. మా జతను తోలేది మా నాయనే, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి. తలకు తువ్వాల చుట్టుకోని ఆయన ఒక్క కేక పెడితే జనం లేచి నిలబడతారు. మా ఇంట్లో ఉలవలు ఎద్దులకు, ఉడికించిన నీళ్ళతో చారు మాకు. శానా ఏండ్లు నేను అందరి ఇండ్లలోనూ అంతే అనుకున్నా.

ఈసారి శివరాత్రికి మహానంది పోటీలకు పోవాలని ఎద్దులకు బండ అలవాటు చేస్తాంటే నాయన కాలు మడతపడి బండ ముందరే పడినాడంట. అందరూ అరిచి ఎద్దులను పట్టుకుంటే బండ ఆయన పాదం కాడికి వచ్చి నిలబడిందంట. ఈ సంగతి నాయన నాకు చెప్పలే. తమ్ముడు చెప్పినాడు. వాడు నాయన కాడనే ఉంటాడు, ఊర్లో ఎరువుల అంగడి పెట్టుకోని.

"అక్కా, ఈ తూరి ఆయన తోలేది వద్దు. పక్కూరి పిల్లోన్ని మాట్లాడినా. నాయనకు నువ్వే చెప్పాల" అన్నాడు.

"ఇంట్లో ఉండేది నువ్వు. నేను చెప్పాల్నా?"

"నేను చెప్తే ముద్ద ముట్టడు. నీ మాటైతే వింటాడు."

సరే అన్నా. తమ్ముడు చేసింది సరైన పనే, ఇప్పుడడిగినా అదే అంటా. కాలు పోతే ఎవడు తెచ్చిస్తాడు? చెప్దామనే నాయనకు ఫోన్ చేసినా. "ఏమ్మా" అన్నాడు. స్పిన్నర్లు ఇద్దరు చాలా, ముగ్గురు కావాల్నా అని మాట్లాడి పెట్టేసినా. మళ్ళీ చేసినా. వికెట్ కీపర్‌ను తిట్టేతలికే సరిపాయ. దేశంలో ఎవరినైనా తీసేయమనే నోరు నాయన కాడ మూతపడిపాయ.

ఆ తర్వాత ఒక పొద్దున గిన్నెలు తోముకుంటాంటే ఫోన్లో టీమ్ వచ్చె. పెద్ద బ్యాటర్ పేరు ల్యా. నేను గెలిచినట్టే గదా. ఈ మాట మీదనే ఆ మాటా చెప్పేద్దామని చేతులు తుడుచుకోని నాయనకు చేసినా.

"చూసినావా నాయనా?"

"చూసినా."

"తీసేసినారు."

"మంచి పని చేసినారు. కాలు రావడం ల్యా గదా."

నేను బిత్తరపోయినా. కొట్లాట ల్యాకుండా ఒప్పుకునే మనిషి కాదు. ఇదే సందు అనుకోని, "వయసు పైబడినాక ఎవరైనా..." అని మొదలుపెట్టినా.

"తీసేసింది సరే మ్మా. ఆయప్పకు ముందుగా ఎవరన్నా చెప్పినారా, లేకుంటే టీవీలో చూసి తెలుసుకున్నాడా?"

"నాకేం తెలుసు నాయనా?"

"నిన్న టీ తాగేకి బస్టాండుకు పోయింటి. ఫ్లెక్సీ కట్టినారు. మన ఎద్దులు, నడుమ మీ తమ్ముడు నల్లద్దాలు పెట్టుకోని. కింద తోలేవాడు అని ఎవరో పిల్లోని ఫొటో."

మావైపు అంతే, పనికి ముందే ఫ్లెక్సీ లేస్తాది. నేను చెప్పేసింటాననుకోని తమ్ముడు అచ్చుకిచ్చేసినాడు.

"టీ అంగడాయప్ప అడిగె, ఏమప్పా ఈ తూరి నువ్వు ల్యావా అని. మోకాళ్ళు నొప్పులు, నేనే వద్దంటినని చెప్తి."

నాకు ఏడుపు వచ్చింది, సిగ్గూ వచ్చింది.

"ఆ పిల్లోనికి చెప్పమను. ఎడమపక్క ఎద్దును కొట్టొద్దు. కేకేస్తే చాలు, అదే పోతాది."

"చెప్తా నాయనా."

"నీకు తెలుసునా మ్మా, ముందే?"

"తెలుసు" అన్నా.

నాయన మెల్లగా అడిగినాడు.

"మరి ఇన్ని దినాలు ఫోన్ చేస్తాంటివే. ఏం మాట్లాడితివి మ్మా నాతో?"

"క్రికెట్టు నాయనా" అన్నా.