ఒకే ఒక్క మామ్మ కోసం సువార్త రేడియో

ఆ రోజుల్లో రంగూన్‌లోని మా తెలుగువాళ్ళకు ఏడవడానికి కారణాలు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు, నవ్వడానికే వెతుక్కునేవాళ్ళం. అలాంటి కాలంలో పజుండౌంగ్ పేటలోని మా ప్రార్థన మందిరం వెనకగదిలో ఒక సువార్త రేడియో పుట్టి, ఒక్క వానాకాలం బతికి, పోయింది. (రేడియో అనే మాట మాకప్పుడు రాదు, వైర్‌లెస్ అనేవాళ్ళం.) దాని చరిత్రలో నా పరువు కూడా కొంత పోయింది.

మా పాస్టరయ్యగారి తల్లిని అందరం మామ్మ అనేవాళ్ళం. ఏటికి ఆవల సిరియంలో, గుంజల మీద కట్టిన వెదురింట్లో, కాళ్ళు పడిపోయి మంచం పట్టింది. "నా కొడుకు చెప్పే వాక్యం ఇనకుండానే పోతాన్రా" అని ఆవిడ ఏడిస్తే అయ్యగారు తిండి మానేశారు. అప్పుడు ఓడల్లో వైర్‌లెస్ పని చేసి వచ్చిన టకటక మావయ్య (మాట్లాడుతూ బల్ల మీద వేళ్ళతో తంతి కొట్టే అలవాటు) ముందుకొచ్చి, మందిరంలో పంపే యంత్రం బిగించి, మామ్మకు చిన్న పెట్టె ఒకటి పంపాడు. అందులో నల్లరాయి మీద సన్నతీగ ఆనిస్తే చెవులకు తగిలించుకునే డిప్పల్లో పాట వినిపించాలి. తనే వెళ్ళి బిగించేవాడే గానీ, ఓడ మునిగి బతికాక ఇక పడవ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు.

మొదటి ఆదివారం కొడుకు వాక్యం మామ్మ విన్నది. రెండో వారం నుంచి వాక్యానికి ముందు పాడే పని నాకిచ్చారు. నాకు ఇరవై ఏళ్ళు, బళ్ళో పంతులమ్మని, నా గొంతు మీద నాకు అపారమైన గౌరవం. ప్రతి సోమవారం అయ్యగారు ఏరు దాటి వెళ్ళి, మామ్మ తీర్పు మోసుకొచ్చేవారు. "కొత్త గుంట గొంతు తేనె నాగున్నాదట!" ఇంకేం, నేను నేల మీద నడవడం మానేశాను. హార్మోనియం వాయించే వదినకు శ్రుతి నేర్పబోయాను కూడా. (ఆవిడ మూడు వారాలు నాతో మాట్లాడలేదు.)

ఆ పొగడ్త స్వయంగా వినాలని ఒకనాడు అరటిపళ్ళు పట్టుకుని సిరియం వెళ్ళాను. పెట్టె చుట్టూ చీమలు బారు కట్టాయి. వంగి చూస్తే నల్లరాయి ఉండాల్సిన చోట తాటిబెల్లం ముక్క!

"మామ్మా, ఏటిది?"

"అరవకే గుంటా! రాయి మొదటి వారమే వెదురు సందులోంచి బురదలో పడిపోనాది. దొరకనేదు. వాడికి తెలీకుండా ఆ చోట బెల్లం ఎట్టీసినాను."

"మరి నా పాట?"

"ఒక్కటీ ఇననేదే తల్లీ. చెప్తే వాడు మళ్ళీ అన్నం మానేస్తాడు. అందుకే ఇనకుండానే నిన్ను పొగిడీసినాను."

సంపాన్ పడవలో తిరిగొస్తూ, వానలో తడుస్తూ ఏడ్చాను. మామ్మ కోసం అనుకున్నాను, నిజానికి సగం నా గొంతు కోసమే. ఆ తర్వాతి ఆదివారం యంత్రం ముందు నిలబడి పల్లవే తప్పుగా ఎత్తుకున్నాను. వదిన నా మొహం చూసి శ్రుతి ఒక మెట్టు దించింది. ఇద్దరం పాడాం. అప్పటినుంచి ప్రతివారం పాడాం. రాయి సంగతి ఎవరికీ చెప్పలేదు.

వానలు వెనకబట్టే ముందు మామ్మ పోయింది. వినేవాళ్ళు లేక మావయ్య యంత్రం విప్పేశాడు. మామ్మను మట్టి చేసి వస్తుంటే అయ్యగారు నా పక్కకు వచ్చారు. "నువ్వు మొన్న ఆదివారం సాయంత్రం మళ్ళీ చూసొచ్చావు కదమ్మా. నా చివరి వాక్యం గురించి అమ్మ ఏమైనా అన్నదా?"

మామ్మ యాసలోనే చెప్పాను: "కొంచెం పొడుగైపోనాది అన్నారండీ."

ఆయన ఆగిపోయి, కళ్ళు తుడుచుకుని, నవ్వారు. "అమ్మే! అచ్చం అమ్మ మాటే!"

బళ్ళో అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించే పంతులమ్మ, సమాధుల మధ్య పాస్టరుగారితోనే అంత చక్కటి అబద్ధం ఎలా ఆడిందో! ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్ళు కూడా తుడుచుకోవాల్సి వస్తుంది.