నంద్యాలకు వచ్చిన వంజరం

నంద్యాల స్టేషనులో రైలు దిగి, ఈ ఊళ్ళో మంచి చేపలకూర ఎక్కడ దొరుకుతుందని అడిగితే, కూలివాళ్ళూ జట్కావాళ్ళూ ఒకే వైపు చెయ్యి చూపించేవాళ్ళు. స్టేషను రోడ్డులో పత్తి గోదాము దాటాక ఒక రేకుల కప్పు, కింద నాలుగు బల్లలు, వాకిలికి గోనెపట్టా తెర. బోర్డు లేదు. యేసుదాసు హోటలంటే అదే.

యేసుదాసు పొట్టి మనిషి, యాభై దాటినవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. వయసులో ఉండగా ఒక తెల్ల పాదిరీ దగ్గర వంటకు కుదిరి, ఆయన వెంట బందరు పోయి పదకొండేళ్ళు అక్కడే ఉన్నాడు. చేపను చూడటం అతనికి నేర్పింది పాదిరీ కాదు, రేవులో వలలు లాగేవాళ్ళు. మొప్ప ఎత్తి చూడాలి, కన్ను చూడాలి, వేలితో నొక్కి కండ మళ్ళీ పైకి లేస్తుందో లేదో చూడాలి, ఆఖరున ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ముక్కు వద్దంటే మిగతా మూడూ బాగున్నా ఆ చేప వద్దు. పాదిరీ సొంత దేశం వెళ్ళిపోయాక యేసుదాసు నంద్యాలకు తిరిగివచ్చి రామలక్ష్మమ్మను పెళ్ళి చేసుకున్నాడు. బాప్తిస్మంలో ఆమెకు రాహేలు అని పేరు పెట్టారు గాని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు.

తెల్లవారగానే కుందూ ఏటి ఒడ్డుకు పోయి, బెస్తవాళ్ళు గట్టు మీద పోసిన చేపల్లో పదింటిని చూసి ఒకటి తీసుకునేవాడు. ఏదీ నచ్చకపోతే ఆ రోజు పొయ్యి వెలిగించేవాడు కాదు. "ఈ పొద్దు చేపల్లేవప్పా, పోండి" అని తెర దించేసేవాడు. వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయి, మరునాడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆ హోటలు నిలబడిన స్థలం ఆనందరావుది. స్టేషను రోడ్డులో సగం స్థలాలు వాళ్ళ నాయన సంపాదించినవే. ఆనందరావు యుద్ధకాలంలో మిలటరీకి కలప, బొగ్గు సరఫరా చేసి మద్రాసులో మేడ కట్టాడు. ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో అతనికి మామిడితోట, తోటలో ఒక బంగళా ఉన్నాయి. వేసవిలో స్నేహితులను తెచ్చి అక్కడ పది రోజులు గడిపేవాడు.

నలభై ఆరు మే నెలలో అట్లాగే రామమోహన్ అనే మద్రాసు పెద్దమనిషిని తీసుకొచ్చాడు. ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆయన సంతకం పడితే ఆనందరావుకు ఇంకొక కలప కాంట్రాక్టు దొరుకుతుంది. ఆ ఏడాది మొదట్లో ఇద్దరూ కలిసి సింహళ ద్వీపానికి షికారు పోయివచ్చారు. అక్కడ సముద్రం ఒడ్డున పూటకొక హోటలు వెతుక్కుంటూ తిన్న చేపల గురించి, రొయ్యల గురించి, పీతల గురించి రామమోహన్ ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాడు. తోటకు వచ్చిన మొదటి రోజునే, "మీ సీమలో ఏముందయ్యా, పది రోజులూ వేరుశనక్కాయలు తినాల్సిందేనా?" అని నవ్వాడు. ఆనందరావు మొహం మాడిపోయింది. మరునాడే కారెక్కి నంద్యాల వచ్చి యేసుదాసు వాకిట్లో దిగాడు.

"ఆదివారం మా తోటలో నువ్వు వంట చెయ్యాల. సముద్రం చేప."

"సముద్రం చేపా సామీ? ఈ ఎండల్లో యాడ్నుంచి వస్తాది? కుందూలో కొరమీను మంచిది పడ్తాండాది. అది తెచ్చి వండుతా."

"కొరమీను ఎవునిక్కావాల? ఆయన సింహళంలో తిన్నోడు. బందర్లో నీకు తెలిసిన మనుషులుండారు గదా, తెప్పీ."

"బందరు నుంచి బెజవాడ రావాల, ఆడ్నుంచి ఈడికి ఇంకో రైలు. ఐసు పెట్టినా దారిలోనే కరిగిపోతాది. చలికాలమైతే ఒప్పుకుందును సామీ. ఇప్పుడు నిలవదు."

ఆనందరావు తలెత్తి రేకుల కప్పు వైపు ఒకసారి, గోడల వైపు ఒకసారి చూశాడు. ఆ పక్కనున్న ఖాళీ జాగాను కూడా చూశాడు.

"ఎన్నేండ్లయింది నువ్వు ఈడికొచ్చి?"

"పద్దెనిమిదేండ్లు సామీ."

"బాగుంది" అని కారెక్కాడు.

రామలక్ష్మమ్మ లోపలి నుంచి వచ్చింది. "కాదని చెప్పగూడదా?"

"చెప్పినా. వినకుండా కప్పు చూసినాడు" అన్నాడు యేసుదాసు. ఆ సాయంత్రమే బందరుకు తంతి కొట్టించాడు.

ఆదివారం పొద్దున రైల్లో గంప దిగింది. రంపపు పొట్టు తడిసి ముద్దయివుంది గాని అందులో ఐసు పలుకు కూడా లేదు. చెయ్యంత పొడుగు వంజరం చేపలు రెండు. ప్లాట్‌ఫారం మీదనే మొప్ప ఎత్తి చూశాడు. ఎరుపు ఇంకా పోలేదు. పొద్దున పది కొట్టేలోపల పొయ్యి మీదికి ఎక్కితే పరువు దక్కుతుందనుకున్నాడు. అయినా మనసొప్పక, నీళ్ళు పోసిన కుండలో మూడు కొరమీన్లను కూడా వేసుకున్నాడు. కొరమీను కాస్త నీళ్ళుంటే చాలు, ఎంతసేపైనా ప్రాణంతో ఉంటుంది.

ఆళ్ళగడ్డ బస్సు బొగ్గుతో నడిచేది. శిరివెళ్ళ దగ్గర ఆగిపోయింది. డ్రైవరు వెనక పొయ్యి తెరిచి, బూడిద గీకి, బొగ్గు పోసి, చెయ్యి పడిపోయేదాకా గాలి తిప్పినా ఇంజను పలకలేదు. యేసుదాసు గంపను వేపచెట్టు నీడకు చేర్చి, బావి నీళ్ళు తోడి తెచ్చి పోస్తూ కూర్చున్నాడు. పోసిన నీళ్ళు పోసినట్టే వేడెక్కాయి. మూడు గంటల తర్వాత బస్సు కదిలింది. తోట చేరేటప్పటికి ఒంటిగంట దాటింది.

గంప తెరవకముందే అతనికి తెలిసిపోయింది. అయినా మొప్ప ఎత్తాడు. మట్టిరంగు. వేలితో నొక్కితే గుంట అట్లాగే నిలిచిపోయింది. తోట కావలి కాసే రామయ్యను పార అడిగి తీసుకుని, బంగళా వెనక గుంట తవ్వి, రెండు చేపలనూ గోనెలో చుట్టి పూడ్చేశాడు. తర్వాత చేతులు బూడిదతో తోముకుని కొరమీన్లు కోశాడు.

ఆకులు వేశారు. వడ్డించకముందే యేసుదాసు చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు.

"సామీ, శిరివెళ్ళ దగ్గర బస్సు నిలిచిపాయ, సముద్రం చేప చెడిపాయ. తినేదానికి పనికిరాదు. పూడ్చిపెట్టినా. ఇది మన కుందూ కొరమీను."

చెప్పి వడ్డించాడు. రామమోహన్ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "కూర బ్రహ్మాండంగా ఉందయ్యా" అన్నాడు. ఇంకో ముక్క తుంచుతూ, "మీ సముద్రం శిరివెళ్ళలోనే ఇంకిపోయిందన్నమాట" అని గట్టిగా నవ్వాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆయన ఊరుకోలేదు. "నిజంగా చెడిపోయిందో, నీ వంటవాడి ఇంట్లో పొయ్యి మీద ఉడుకుతోందో ఎవరు చూశారు?" అన్నాడు.

ఆనందరావు ఆకు ముందు నుంచి లేచాడు. "యాడ పూడ్చినావు?"

రామయ్య చూపించాడు. అతని చేతనే తవ్వించారు. గోనె విప్పితే అప్పటికే చీమలు పట్టాయి. వాసనకు రామమోహన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. చేపలు చేపల్లాగే ఉన్నాయి, రెండూ ఉన్నాయి. యేసుదాసు మాట నిజమని అందరికీ తేలిపోయింది. దాంతో అయిపోవలసింది.

"కడుగు" అన్నాడు ఆనందరావు.

"సామీ?"

"కడిగి వండు. అతిథికి సముద్రం చేప పెడ్తానని మాటిచ్చినా. నా పరువు తీసినావు. చేప చెడిపోలేదని నేనంటాండా. చెడిపోయిందని నువ్వంటాండావు. తిని చూపీ."

"ప్రాణం మీదికొస్తాది సామీ."

"అయితే పొద్దున్నే పోయి నీ రేకులు పీక్కో."

రామమోహన్ మొదట "పోనీలేవయ్యా" అన్నాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, కుర్చీని పొయ్యి కనిపించేచోటికి లాగించుకుని కూర్చున్నాడు.

యేసుదాసు వండాడు. పారిపోవాలంటే పారిపోవచ్చు. రుద్రవరం దారి ఎదురుగానే ఉంది. తర్వాత రామలక్ష్మమ్మ ఎన్నిసార్లు అడిగినా, ఎందుకు పారిపోలేదో అతను చెప్పలేకపోయాడు. ఉప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడిగాడు. చింతపండు పిసికాడు. మెంతులు వేయించి నూరాడు. దేనిలోనూ చెయ్యి తగ్గించలేదు. వేరే విధంగా వండటం అతనికి చేతకాలేదు.

బల్ల వేయించి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్ళుగా ఊరందరికీ వడ్డించినవాడికి రామమోహన్ తన చేత్తో వడ్డించాడు. "సింహళంలో మాకు ఇట్లాగే వడ్డించేవాళ్ళు. మొహమాటపడకు" అన్నాడు. మొదటి ముక్క గొంతు దిగలేదు. నీళ్ళు తాగి మింగాడు. రెండో ముక్క. మూడో ముక్క. రామయ్య తల తిప్పుకుని చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎట్లుంది?" అని అడిగాడు రామమోహన్. "నీ అభిప్రాయం చెప్పు. చేపల సంగతి నీకు తెలుసునట కదా."

యేసుదాసు కళ్ళ నుంచీ ముక్కు నుంచీ నీళ్ళు కారుతున్నాయి. "పులుసు సరిపోయింది సామీ. చేప పోయింది" అన్నాడు.

ఇద్దరూ పడిపడి నవ్వారు. ఆనందరావుకు అప్పుడు ప్రాణం కుదుటపడింది. పెద్దమనిషి సంతోషించాడు. "ఇంకోటి వెయ్యండి, ఇంకోటి" అన్నాడు ఆనందరావు. ఏడు ముక్కలు తినిపించారు. ఎనిమిదో ముక్క దగ్గర రామమోహన్‌కే విసుగుపుట్టి, "చాల్లే, కాఫీ పెట్టమను" అన్నాడు. యేసుదాసు లేచి కాఫీ పెట్టాడు. గిన్నెలు తోమి బోర్లించాడు. సెలవు తీసుకుని తోట గేటు దాటాడు.

అరమైలు కూడా పోలేదు. దారి పక్కన పడిపోయినవాణ్ణి రామయ్య చూసి, ఎవరినీ అడక్కుండా తోటబండి కట్టి ఆళ్ళగడ్డకు తోలుకొచ్చి, అక్కడి నుంచి నంద్యాల చేర్చాడు. ఆస్పత్రిలో పదకొండు రోజులు చావుబతుకుల్లో ఉన్నాడు. రామలక్ష్మమ్మ చెంచాతో గంజి పోస్తే అది కూడా నిలిచేది కాదు. పన్నెండో రోజు బతుకుతాడన్నారు.

బతికాడు. లేచి నడిచిన మొదటి రోజే కుందూ ఒడ్డుకు పోయి, చేపను చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గరికి తెచ్చాడు. ఇసుకలో మోకాళ్ళ మీద పడి పేగులు బయటికొచ్చేటట్టు కక్కుకున్నాడు. బెస్తవాళ్ళు నీళ్ళిచ్చారు. అది తాజా చేప, అప్పుడే వలలోంచి తీసింది. మరునాడూ అంతే. వారం రోజులు పోయాడు. ఎనిమిదో రోజున రామలక్ష్మమ్మ బుట్ట తన చేతిలోకి తీసుకుంది.

ఆమె వండితే బాగానే ఉండేది గాని ఏరటం రాదు. ఆమె ఏం తెచ్చిందో చూసి చెప్పడానికి అతను దగ్గరికి రాలేడు. వంట జరిగినంతసేపూ గోదాము అరుగు మీద, గాలికి ఎదురుదిక్కున కూర్చునేవాడు. "మొప్ప ఎట్లుండాది?" అని అక్కడి నుంచే కేకేసి అడిగేవాడు. "ఎర్రగనే ఉందిలే" అనేది ఆమె. రెండుసార్లు పొరపాటు జరిగింది. ఈలోగా తోటలో జరిగిన సంగతి ఎట్లా మారిందో ఏమో, యేసుదాసు పెద్దమనుషులకు కుళ్ళిన చేప పెట్టాడని ఊళ్ళో మాట పుట్టింది. రైలు దిగినవాళ్ళకు జట్కావాళ్ళు వేరే దిక్కు చూపించడం మొదలుపెట్టారు.

దీపావళికి ముందు ఆనందరావు మనిషి వచ్చి, ఆ స్థలంలో బొగ్గు డిపో కడుతున్నారని, నెల లోపల ఖాళీ చెయ్యాలని చెప్పాడు. రామలక్ష్మమ్మ రోడ్డు మీదికి వచ్చి దుమ్మెత్తి పోసింది. "ఏడు ముక్కలు తినిపిచ్చిరి గదా, ఈ స్థలం కోసరమే గదా తినె!" అని అరిచింది. ఆ మనిషికి ఏమీ అర్థం కాలేదు. ఏ ముక్కలని అడిగాడు. ఆనందరావు అతనికి ఏమీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, యేసుదాసు మీద కోపమూ లేదు. డిపోకు ఆ మూల అనుకూలంగా ఉంది, అంతే.

యేసుదాసే నిచ్చెన వేసి రేకులు విప్పాడు.

తర్వాత పత్తి జిన్నింగు మిల్లులో బస్తాలు మోసే పని దొరికింది. అక్కడ దూది తప్ప ఇంకే వాసనా ఉండదు. రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ, మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు నలుగురిని చేర్చుకుని కథ చెబుతున్నాడు. మద్రాసులో ఎవరో కాంట్రాక్టరు విందుల్లో చెప్పే కథట. సీమలో ఒక వంటవాడు దొరలను మోసం చెయ్యబోతే, వాడు పూడ్చిన చేపను వాడిచేతనే తవ్వించి, వండించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి తినిపించారట. వాడేమో తింటూ తింటూ, పులుసు సరిపోయిందన్నాడట. గుమాస్తా ముక్కు కారుతున్నట్టు గొంతు మార్చి ఆ మాట అన్నాడు. కూలీలందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడు అన్నం పొలమారి దగ్గాడు.

"ఏం చేపన్నా అది?" అని అడిగారెవరో.

"కొరమీనంట" అన్నాడు గుమాస్తా.

యేసుదాసు సద్దిమూట కట్టుకుంటున్నవాడల్లా తలెత్తాడు. "కొరమీను కాదప్పా. కొరమీను అంత బేగా చెడిపోదు. వంజరం."

అందరూ అతని వైపు తిరిగారు. "నీకెట్ల తెలుసు?" అన్నాడు గుమాస్తా.

"చేపల సంగతి నాకు తెలుసు" అన్నాడు యేసుదాసు. తలపాగా బిగించుకుని బస్తాల దగ్గరికి నడిచాడు. అతని వీపు వెనక గుమాస్తా, మొదటినుంచి వినని ఇద్దరి కోసం, కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి వంజరం అని చెప్పాడు.