ఇంతకీ మీ ప్రశ్న ఏంటి?

సభల్లో ప్రశ్న అడగడానికి చెయ్యెత్తేవాళ్ళలో చాలామంది దగ్గర ప్రశ్న ఉండదు. సొంత గొప్ప ఉంటుంది, తమ కంపెనీ ఊసు ఉంటుంది, మాట్లాడినాయన కంటే తమకే ఎక్కువ తెలుసన్న దురద ఉంటుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళ సభల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. రోజంతా కంప్యూటరుతో తప్ప మనిషితో మాట్లాడనివాడి చేతికి మైకిస్తే ఏమవుతుందో చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. అలాంటివాడి మనసు నొచ్చుకోకుండా మైకు వెనక్కి తీసుకోవడం ఒక విద్య. ఆ విద్యలో ఆరితేరిన ఒకావిడను అందరూ ప్రశ్నక్క అనేవారు.

ప్రశ్నక్కకు అది ఉద్యోగం కాదు, సెలవు రోజున తలకెత్తుకున్న చాకిరీ. ఉద్యోగం వేరే ఉంది. గోదాముల్లో సరుకు లెక్క చూసే ఒక పాత ప్రోగ్రాముకు కాపలా కాయడం. ఆమె జుట్టు నెరవక ముందు రాసిన ప్రోగ్రాము అది, ముట్టుకోవాలంటే ఆఫీసులో అందరికీ హడలు. అందులో ఒక వింత ఉంది. రోజూ లెక్క మొదలెట్టగానే మొదటి సరుకును రెండుసార్లు లెక్కపెట్టి, ఒక లెక్కను పారేస్తుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. ఒకసారి ఒకతను తెలివి మీరి ఆ ముక్క తీసేస్తే, మర్నాడు పొద్దున్నకి గోదాములన్నీ ఖాళీగా ఉన్నట్టు చూపించింది. నోరు మూసుకుని మళ్ళీ పెట్టేశారు. అప్పటినుంచి ఎవరు అడిగినా "అదలా ఉండనీ" అనడమే ఆ ఆఫీసులో జవాబు.

ఆ ప్రోగ్రాము రాసింది ఆమె మొదటి టీమ్ లీడర్. వయసు అంత లేకపోయినా అప్పట్లోనే ఆయన్ని పెద్దాయన అనేవారు. కొత్తగా చేరిన రోజుల్లో ఆమె ఏదో ఒకటి పాడుచేసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళేది. జరిగిందంతా కలగాపులగంగా చెప్పేది. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ లాగి కూర్చోమనేవారు. అంతా విని, "సరేనమ్మా, ఇంతకీ నీ ప్రశ్న ఏంటి?" అనేవారు. ఆ అడగడంలో విసుగుండేది కాదు. నీ దగ్గర ప్రశ్న ఒకటుంది, ఇద్దరం కలిసి వెతుకుదాం పట్టు అన్నట్టుండేది. సగం సార్లు ప్రశ్న దొరికేసరికి జవాబు కూడా దొరికేది.

ఆయన రిటైరై ఇంటిపట్టున ఉన్నారు. ఆయన భార్య అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ఈమధ్య ఆయనకు మతిమరుపు ఎక్కువైందని, నిన్ను తలుచుకుంటున్నారని, ఒకసారి వచ్చి వెళ్ళమని అడిగేది. వస్తానమ్మా అని ప్రశ్నక్క ప్రతిసారీ అనేది. ఆ మాట మనస్ఫూర్తిగానే అనేది. తర్వాత ఆఫీసు, సభలు, గొంతు నొప్పి, మోకాళ్ళ నొప్పి, ఇంట్లో కుళాయి కారడం.

ఆయన దగ్గర నేర్చుకున్న మాటనే ఆమె సభలకు తెచ్చింది. తడబడేవాళ్ళ దగ్గరకి నడిచి వెళ్ళి, మెల్లగా అడిగి, ప్రశ్న బయటికి తీసేది. టైమైపోయి అడగలేకపోయినవాళ్ళు రాసి వెయ్యడానికి తలుపు దగ్గర అట్టపెట్టె పెట్టేది. ఆ చీటీలన్నీ హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుని ఇంటికి తెచ్చేది. మాట్లాడినవాళ్ళకు ఫోన్లు చేసి, వాళ్ళ ప్రాణం తీసి, జవాబులు రాబట్టి తన బ్లాగులో రాసేది. అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నలకు జవాబులు, అదే ఆ బ్లాగు. చూసేవాళ్ళు తక్కువ. ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే అని ఆమె రాస్తూ పోయేది.

చెల్లెలికి ఈ "లే" నచ్చలేదు. చెల్లెలు అదే ఇంటి పై వాటాలో ఉంటుంది, ప్రకటనల కంపెనీలో పని. మనిషి మంచిదే, కానీ ఏదైనా చేత్తో పట్టుకుంటే పెద్దది చేసేదాకా నిద్రపోదు.

"అక్కా, నీ బ్లాగుకి వచ్చేవాళ్ళలో సగం మంది దారి తప్పి వచ్చినవాళ్ళే," అందొకరోజు. "మిగతా సగం నువ్వే."

సోషల్ మీడియాలో పెడితేనే జనం వస్తారని, చదివించాలంటే ముందు చూపించాలని చెల్లెలు పాఠం చెప్పింది. ప్రశ్నక్క సరే నీ ఇష్టం అంది. అలసిపోయిన మనిషి చాలావాటికి సరే అంటుంది.

ఆ తర్వాతి సభకు చెల్లెలు ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆ రోజు ప్రశ్నక్క పొద్దున్నుంచి నిలబడే ఉంది, భోజనం చెయ్యలేదు, గొంతు ఎండిపోయింది. ఒకాయన లేచి తన కంపెనీ గురించి ఊకదంపుడు మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడు. ఆమె వేదిక మీద నుంచే, "ఇంతకీ మీ ప్రశ్న ఏంటండీ?" అంది. ఎప్పుడూ అనే మాటే. కానీ ఈసారి చురక పెట్టినట్టు వచ్చింది. హాలంతా గొల్లుమంది. ఆయన మొహం మాడిపోయి కూర్చున్నాడు.

చెల్లెలు ఆ ముక్క కత్తిరించి, వెనక డప్పు మోత పెట్టి, కింద బ్లాగు లింకు తగిలించి వదిలింది. తెల్లారేసరికి అది ఊళ్ళు తిరిగొచ్చింది. బ్లాగుకి వచ్చేవాళ్ళ లెక్క చూపించే గీత నేల మీంచి లేచి గోడెక్కింది. చెల్లెలు మెట్లు దిగుతూనే చూశావా చూశావా అంటూ వచ్చింది. ప్రశ్నక్కకు కూడా సంతోషమే వేసింది, లేదంటే అబద్ధం.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. సభల్లో కుర్రకారు ఆమె పక్కన నిలబడి, ఒక్కసారి అనండి మేడమ్ అని ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. పళ్ళ డాక్టరు ఆమె నోట్లో దూది కుక్కి, ఇంతకీ మీ ప్రశ్న ఏంటండీ అని తనలో తనే నవ్వుకుంది. ఆఫీసు గొడవ చెప్పుకుంటుంటే మొగుడు కూడా ఓసారి అదే మాట అన్నాడు. సాయంత్రం దాకా ఆమె ఆయనతో మాట్లాడలేదు, ఆయన తనే అన్నం వండుకుని తనే తిన్నాడు.

బ్లాగు పైన కూడా చెల్లెలు ఆ వీడియోనే పెట్టింది. వచ్చినవాళ్ళు అది చూసి, నవ్వి, పోయేవారు. కింద ఉన్న జవాబుల దాకా దిగినవాడు లేడు. అంతకంటే ఘోరం, అట్టపెట్టెలో చీటీలు తగ్గిపోయాయి. చేతులు లేవడం కూడా తగ్గింది. ఒక సభలో చేతులు కడుక్కునే చోట కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి కనిపించింది.

"అడుగుదామనే వచ్చానక్కా," అందా అమ్మాయి. "సరిగ్గా అడగలేకపోతే మీరు అలా అంటారేమోనని భయమేసింది."

 ప్రశ్నక్క చేతులు తుడుచుకోవడం కూడా మరిచి బయటికొచ్చింది. ఇంటికెళ్ళి ఆ వీడియో తీసెయ్యమంది. నేను తీసేస్తే ఏం లాభం, అందరూ దాచుకున్నారు కదా అంది చెల్లెలు. అదీ నిజమే. ఇక ఆ మాట జన్మలో అనకూడదని ప్రశ్నక్క ఒట్టు పెట్టుకుంది. ఒప్పుకున్న పెద్ద సభ ఒక్కటి మిగిలింది. అది కానిచ్చి మానేద్దామనుకుంది.

ఆ సభ నిర్వాహకుడు ఆమె మాటను టీ కప్పుల మీద అచ్చేయించాడు. ఒక్కసారైనా అనాలి మేడమ్, జనం దాని కోసమే వస్తున్నారు అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. మాట్లాడేది ఒక కుర్రాడు, పాత ప్రోగ్రాములు తీసేసి కొత్తవి పెట్టడం ఎలాగన్నది విషయం. చక్కగానే చెప్పాడు. చివర ప్రశ్నల సమయం వచ్చింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

అప్పుడు మధ్య వరసలో ఒక ముసలాయన లేచారు. చొక్కా భుజాల మీద వదులుగా వేలాడుతోంది. పక్కనున్న ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది. ఆవిడను చూశాకే ప్రశ్నక్కకు ఆయన ఎవరో తెలిసింది.  ఆమె వెళ్ళలేదు కనుక వాళ్ళే వచ్చారు.

పెద్దాయన మైకు అందుకుని, కంప్యూటరు లెక్కలు టేపుల మీద దాచి చల్లటి గదుల్లో పెట్టిన కాలంతో మొదలుపెట్టారు. టేపుల మీంచి గది చల్లదనానికి వెళ్ళారు, అక్కణ్ణించి ఎప్పుడో పనిచేసిన ఒక స్నేహితుడి దగ్గరికి, మళ్ళీ టేపుల దగ్గరికి. జనం కుర్చీల్లో కదిలారు. ఒకటొకటిగా ఫోన్లు పైకి లేచాయి, అన్నీ ప్రశ్నక్క వైపే. ముందు వరసలో చెల్లెలి ఫోన్ కూడా లేచింది. పక్కనుంచి నిర్వాహకుడు రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. ఆమె నోరు మెదపలేదు. ఎంతసేపైనా మాట్లాడనీ, సభ ఏమైపోతే నాకేం అనుకుంది.

ఆయనే ఆగిపోయారు. మైకు వైపు చూశారు, భార్య వైపు చూశారు. తర్వాత వేదిక వైపు చూశారు.

"అమ్మా, నువ్వు అడుగుతావు కదా, అదేదో. ఫోన్‌లో చూశాను," అన్నారు. "అడుగమ్మా. నేనేదో అడగాలనే లేచాను. నువ్వడిగితే గుర్తొస్తుందేమో."

కొందరు నవ్వబోయి సగంలో ఆపుకున్నారు. ప్రశ్నక్క తన మైకు ఆపేసి బల్ల మీద పెట్టింది. మోకాళ్ళ మీద చేతులానించుకుంటూ మెట్లు దిగింది. వరసలో వాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి, తను పక్కన కింద కూర్చుంది. ఒట్టు సంగతి గుర్తుంది, అయినా అడిగింది. ఆయన ఒకప్పుడు అడిగినట్టే, ఆయనకు మాత్రమే వినపడేలా అడిగింది.

"ఇంతకీ మీ ప్రశ్న ఏంటి సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆమె తొందరపెట్టలేదు. ఆయన వంగి ఆమె చెవిలో చెప్పారు. ఆమె ఆయన చేతిలోని మైకు తీసుకుని, కింద కూర్చునే, హాలుకు వినిపించింది.

"పాతది తీసేసే ముందు, దాన్ని రాసినవాణ్ణి ఎవరైనా పిలిచి అడుగుతున్నారా? వాడికి గుర్తుండగానే అడగాలి కదా, అంటున్నారు."

 "లేదండీ. మేం అడగలేదు," అన్నాడు వేదిక మీది కుర్రాడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. పెద్దాయన మాత్రం జవాబు వచ్చిందన్నట్టు తలాడించి, భార్యను ఇంటికి వెళ్దామా అని అడిగారు.

ఇంటికి తిరిగొచ్చే దారిలో చెల్లెలు ఫోన్ చూస్తూ, తీశాను కానీ ఏమీ వినపడట్లేదక్కా, నీ వీపే కనిపిస్తోంది అంది. కాసేపటికి తనే దాన్ని చెరిపేసింది. ప్రశ్నక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒంట్లో ఓపిక లేదు, ఏడవడానికి కూడా.

ఆ ఆదివారం ఆమె పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆ ప్రోగ్రాములో మొదటి సరుకును రెండుసార్లు లెక్కపెట్టే ముక్కను కాగితం మీద అచ్చు తీసి పట్టుకెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసి, రామ్మా, ఇవాళ కాస్త తేటగానే ఉన్నారు అంది. గదిలో కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ కింద వరసగా పెట్టిన చెప్పులు. పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశారు. గుర్తుపట్టలేదు.  అయినా ఇంకో కుర్చీ లాగి, చేత్తో దుమ్ము తుడిచారు.

"కూర్చోమ్మా. ఇంతకీ నీ ప్రశ్న ఏంటి?"

ఇన్నేళ్ళలో ఆమెను ఆ మాట అలా అడిగినవాళ్ళు లేరు.  ఆమె కాగితం ఆయన ముందు పరిచింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా తడుముతూ చదివారు. ఆ చోటికి రాగానే వేలు ఆగింది. మొహం వెలిగింది.

"ఎవరు రాశారమ్మా ఇది? మంచి జాగ్రత్తపరుడు."

"ఇక్కడ రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టారు సార్?"

ఆయన ఆ వరస మళ్ళీ చదివారు. ఇంకోసారి చదివారు. వేలు అక్కడే ఉంది.

"ఏదో కారణం ఉండే ఉంటుంది. ఊరికే రాసే మనిషిలా లేడు," అన్నారు. "రాసినతను ఉన్నాడా?"

"ఉన్నారు సార్."

"అయితే ఆలస్యం చెయ్యకమ్మా. వెళ్ళి అతన్నే అడుగు."

అలాగే సార్ అంది ప్రశ్నక్క. ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టి ఆమె చేతికిచ్చారు.