ధర్మవరం చీరకు తెల్ల గీతలు

అనంతపురం జిల్లాలో ఎక్స్‌హెచ్‌టీఎమ్మెల్ అనే వెబ్‌పేజీల భాష నేర్చుకున్న మొదటివాణ్ణి నేనే. పోనీ, హిందూపురంలో మొదటివాణ్ణి. సరే, మా వీధిలో. మా వీధిలో ఇంకెవరికీ దానితో పని లేదని కూడా చెప్పేస్తే ఒక బరువు దిగిపోతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. పెళ్లిపత్రికలు కూర్చే డీటీపీ అంగడి నాది. కంప్యూటర్ ఎలాగూ ఉంది కదా అని వెబ్‌సైట్లు కూడా చేస్తానని బోర్డు రాయించాను. ఎన్ని చేశావని అడిగితే లెక్క పెట్టుకోలేదనేవాణ్ణి. చేసినవి రెండు. ఒకటి మా బావమరిది సిమెంటు అంగడిది, దాన్ని మా బావమరిది కూడా చూడలేదు. రెండోది ధర్మవరం పట్టుచీరల షావుకారుది.

ఆయనకొక పట్టుదల. చీరను మడతలో చూపకూడదు, అంగడిలో పరిచినట్టు కొంగు నుంచి కొస దాకా చూపాలి. అంత పెద్ద ఫోటో ఆనాటి టెలిఫోన్ తీగ మీద దిగేలోపు కాఫీ తాగి రావచ్చు. అందుకని ఫోటోను ముక్కలు చేసి, పట్టిక గడుల్లో ఒకదాని కింద ఒకటి పేర్చాను. ముక్కలొచ్చి కలుస్తుంటే చీర విప్పుతున్నట్టే ఉండేది. ఉపాయం నాదేనని అందరికీ చెప్పాను. నిజానికి ఏదో కంప్యూటర్ పత్రికలో చూసిందే.

ఒకరోజు షావుకారు ఫోన్ చేశాడు. "ఏమప్పా, మన సైటు పాత పద్ధతిదంట గదా. కొత్తది చేస్తావా, సైట్లు చేసే బెంగళూరోళ్లకి ఇచ్చేయమంటావా?"

"ఆ కొత్తదే నేర్చుకుంటాండా అన్నా. సగం అయిపాయ."

అప్పటికి ఆ ఎక్స్‌హెచ్‌టీఎమ్మెల్ పేరు కూడా వినలేదు. పోతే ధర్మవరం పోతుంది, మిగిలేది సిమెంటు. ఆ భయంతోనే కూర్చున్నాను. కొత్త పద్ధతిలో తెరిచిన ప్రతి ట్యాగునూ, అంటే బ్రౌజరుకు పెట్టే ప్రతి గుర్తునూ, మూయాలి. మా ఆవిడ బీరువా తలుపు గురించి పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్నది అదే. పేజీ తలమీద 'ఇది కొత్త పద్ధతి' అని బ్రౌజరుకు చెప్పే వరుస కూడా పెట్టాలి. తప్పులు పట్టే సైటుకు నా పేజీ చూపిస్తే తప్పుల జాబితా తెర దాటి కిందికి పోయింది. దిద్దీ దిద్దీ చివరికి తప్పుల్లేవు అనిపించుకున్నాను. ఆ మురిపెంలో అసలు పేజీ ఎలా కనబడుతోందో చూడలేదు.

ఫ్లాపీ జేబులో వేసుకుని రైలెక్కాను. అచ్చు తీసుకున్న పాఠాలు పెనుకొండ దాకా చదివి, అక్కడి నుంచి నిద్రపోయాను.

ధర్మవరంలో షావుకారు గదిలోనే పేజీ ఎక్కించి తెరిచాను. చీర నిండా అడ్డంగా తెల్ల గీతలు.

"ఏందిది? నా చీరను ఎలకలు కొరికినాయా?"

"కొత్త డిజైను అన్నా."

"నేసినోడు చూస్తే నిన్ను మగ్గానికే కట్టేస్తాడు! ఇప్పుడు మన చీరలు కొనే బెంగళూరాయప్ప కొత్త సైటు చూసి ఫోన్ చేస్తాడు. ఆడ ఆయన ముందర గూడా ఇదే ఉండాది గదప్పా!"

అంతలో ఫోన్ మోగనే మోగింది. నాకు చేతనైంది ఒక్కటే. తలమీద పెట్టిన వరుస తీసేసి, పేజీని పాత పద్ధతికే దించి మళ్లీ ఎక్కించాను. చీర అతుక్కుంది.

"ఇంకోసారి తెరిచి చూడండి సార్," అన్నాడు షావుకారు ఫోన్లో, దర్జాగా. "అంతా కొత్త పద్ధతి. మావోడే చేసినాడు." తర్వాత నా వైపు తిరిగాడు. "కొత్తదే గదా?"

"కొత్తదే అన్నా."

తిరుగు రైల్లో మిగిలిన కాగితాలు చదివాను. కొత్త పద్ధతిలో బ్రౌజరు బొమ్మను కూడా అక్షరంలాగే చూస్తుందట. అక్షరం కింద వత్తులకు వదిలినట్టు బొమ్మ కింద కూడా చోటు వదులుతుందట. వదలొద్దని ఒక్క మాట రాస్తే చాలు. మరునాడు ఆ మాట రాసి, తీసేసిన వరుస మళ్లీ పెట్టాను. చీర చెక్కుచెదరలేదు. సంతోషం పట్టలేక షావుకారుకు ఫోన్ చేశాను.

"అన్నా, ఇప్పుడు సైటు నిజంగా కొత్తదైపాయ!"

ఆయన వెంటనే పట్టేశాడు.

"అయితే నిన్నటిది?"

నోరు జారిందని అప్పుడు తెలిసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నా జీవితంలో అది అరుదు.

షావుకారు నవ్వాడు. "సైటు నీ దగ్గరే ఉండనీలే. అబద్ధం చెప్పి, మళ్లా వాడే ఫోన్ చేసి దొరికిపోయేటోణ్ణి బెంగళూరులో యాడ వెతికేది?"