చచ్చిపోయిన లార్డుగారి నమస్కారం

చక్కటి హత్యను ఎంత ఘోరంగా పాడుచేయవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. పాడుచేసింది హంతకుడు కాదు, డిటెక్టివూ కాదు. శవం. అంటే నేను.

కెనడాలో, ఒంటారియోలోని లండన్‌లో చదువుకునే రోజుల్లో, దీపావళికి మా తెలుగువాళ్లం ఒక పాత ఇంగ్లీషు డిటెక్టివ్ నవలను నాటకంగా వేశాం. పెద్ద బంగళా, అందులో లార్డుగారి హత్య, చుట్టూ అనుమానించదగ్గ చుట్టాలు. నాకు నటన రాదని లార్డు వేషం ఇచ్చారు. మొదటి సీన్‌లోనే విషం కలిపిన టీ తాగి, చివరిదాకా సోఫాలో పడి ఉండాలి. పడుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

నాకు కావలసింది చప్పట్లు కాదు, గది. నెలాఖరుకి నేనున్న ఇల్లు ఖాళీ చేయాలి. రిటైరైన డాక్టర్ మూర్తిగారి బేస్‌మెంటు ఖాళీగానే ఉంది కానీ, మర్యాద తెలిసిన కుర్రాడికైతేనే ఇస్తారట. ఆయన నాటకానికి వస్తున్నారు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. నాకు చస్తే బేస్‌మెంటు దొరికేలా ఉంది. అందుకే శ్రద్ధగా చచ్చిపోయాను.

ఆయన ఆలస్యంగా వచ్చారు. హాలు నిండిపోవడంతో స్టేజీ పక్కనే, సరిగ్గా నా సోఫాకి ఎదురుగా కుర్చీ వేశారు. పెద్దవాళ్లొస్తే లేచి నిలబడాలని మా అమ్మ వీపు మీద చరిచి మరీ నేర్పింది. చచ్చిపోయినప్పుడు అక్కర్లేదని చెప్పలేదు.

లేచి నిలబడి, "నమస్కారం అంకుల్!" అన్నాను.

డిటెక్టివ్ వేషం వేసిన నా స్నేహితుడు కిరణ్ పళ్లు కొరుకుతూ, "పడుకోరా, నువ్వు డెడ్!" అన్నాడు.

ముందు వరసలో ఒక ఆంటీ, "ఎలాగూ లేచావు కదా బాబూ, నిన్ను చంపిందెవరో చెప్పేసెయ్. బయట స్నో మొదలైంది, డ్రైవ్ చేసుకుని ఇంటికెళ్లాలి" అంది.

పెద్దావిడ నోరు తెరిచి అడిగాక చెప్పకపోతే ఏం బాగుంటుంది, మీరే చెప్పండి!

"మా మేనల్లుడండీ ఆంటీ" అని తెర వెనక్కి వేలు చూపించాను. మేనల్లుడు ఇంకా స్టేజీ మీదికే రాలేదు. అక్కడ నిలబడి సమోసా తింటున్నాడు.

రెండు గంటల నాటకం పావుగంటలో ముగిసింది. జనం హాలు అదిరిపోయేలా చప్పట్లు కొట్టి కార్ల దగ్గరికి పరిగెత్తారు.

గది మీద ఆశ వదులుకుని లార్డుగారి కోటు విప్పుతుంటే డాక్టరుగారు వచ్చారు. సిగ్గుతో ఈసారి నిజంగానే చచ్చిపోయాను.

"నా సర్వీసులో చాలామందిని బతికించానోయ్. నేను వచ్చి కూర్చోగానే లేచినవాణ్ణి మాత్రం నిన్నే చూశా. రేపొచ్చి తాళం తీసుకో" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "మా ఇంటి సంగతులు మాత్రం ఏ ఆంటీ అడిగినా చెప్పకు."

ఆ బేస్‌మెంటులో దేవుడి పటం ముందు నిలబడి ఒట్టేశాను. ఈ జన్మలో మళ్లీ స్టేజీ మీద చావను. ఇక అసలు చావంటారా, సాక్షాత్తు యమధర్మరాజుగారే వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నా సరే, లేవను.