ఉతకని లుంగీ

నరసరావుపేటలో మా ఆయనది పాత బ్యాటరీలు బాగుచేసే కొట్టు. పనికిరానివాటిని పగలగొట్టి, లోపలి సీసం పలకలు మూకుట్లో వేసి కరిగిస్తాడు. వంట పొయ్యి మంట చాలు, నీళ్లలా కారుతుంది. చల్లారాక గోటితో గీస్తే గీత పడుతుంది. అంత మెత్తనిది మనిషిని తింటుందని ఎవరనుకుంటారు?

మా పాపకు రెండేళ్లు దాటాక కడుపునొప్పి పట్టుకుంది. ముఖం పాలిపోయింది. వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోయాయి, 'నాన్న' అనడం కూడా మరిచిపోయింది. నట్టల మందు పోయించాం, దర్గాలో తాయెత్తు కట్టించాం. ఎక్కని గుమ్మం లేదు.

"దిష్టేనే, ఇంకేంది" అనేది మా అత్త. దిష్టి తీసి తీసి ఇంట్లో మిరపకాయలు అయిపోయాయి గానీ పిల్ల మాత్రం కోలుకోలేదు.

చివరకు గుంటూరులో ఒక డాక్టరమ్మ మా ఆయన చేసే పనేమిటో అడిగి, పిల్ల రక్తం సీసం పరీక్షకు పంపింది. ఉండకూడనంత ఉందని తేలింది.

"ఎక్కణ్ణుంచో నోట్లోకి పోతోంది. అది ఆగకపోతే ఏ మందూ పనిచెయ్యదు. పిల్ల ముట్టుకునేవన్నీ పట్టుకురండి" అంది.

కంటికి పెట్టే సుర్మా బుడ్డి, పసుపు, కళాయి గిన్నెలు, బొమ్మలు సంచిలో వేసుకెళ్లాం. ఆమె మందులో తడిపిన దూదితో ఒక్కోటీ రుద్దింది. సీసం ఉంటే దూది ఎర్రబడుతుందట. దేనికీ ఎర్రబడలేదు. ఇంకెక్కడ వెతకాలిరా దేవుడా అని నాకు ఏడుపొచ్చింది. అప్పుడామె పాప పట్టుకున్న లుంగీ వైపు చూసింది.

పిల్లలు నిద్రలో బెదురుతుంటే మా ఇళ్లలో తండ్రి కట్టి విడిచిన లుంగీ కప్పుతారు. ఉతికితే తండ్రి వాసన పోతుందని ఉతకరు. మా ఆయన కొట్టు నుంచి వచ్చి విడిచిందే మా అత్త రోజూ కప్పేది. దాని కొస చీకుతూ నిద్రపోయేది పిల్ల.

దూది ఎర్రబడింది.

మా ఆయన గోడవారన కూలబడ్డాడు. "నా బిడ్డకి నేనే విషం కప్పినానేందే" అన్నాడు. నా కోపం ఎవరి మీద చూపించను?

ఇప్పుడు మందులు నడుస్తున్నాయి. పోయిన మాటలు తిరిగొస్తాయో లేదో చెప్పలేనంది డాక్టరమ్మ. మా ఆయన కొట్టు దగ్గరే బట్టలు విడిచి, స్నానం చేసి వస్తున్నాడు. నిన్న, ఉతికిన లుంగీ కట్టుకుని పాపను ఎత్తుకున్నాడు. అది ఆయన గుండెకు ముక్కు ఆనించి వాసన చూసింది. ఏడుస్తూ నా వైపు చేతులు చాచింది.

"నాన్న ఏడీ?" అంది.